బండి కదిలితే చల్లన, ఆగితే సెగ: కంప్రెసర్ మార్చాలా?

ప్రశ్న: అన్నా, మాది కర్నూలు. ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో లెక్కలు చూస్తాను. వారానికి మూడు నాలుగు సార్లు కారులోనే పోయి వస్తాను. డీజిల్ బండి, కొని ఎనిమిదేళ్లయింది. మార్చి మొదట్నుంచి ఏసీ తేడాగా ఉంది. ఎమ్మిగనూరు దాటి రోడ్డు ఖాళీగా ఉంటే చల్లగానే వస్తుంది. కర్నూలులోకి వచ్చి రాజ్‌విహార్ సెంటర్‌లోనో బళ్లారి చౌరస్తాలోనో ఆగితే ఐదు నిమిషాల్లో ఉత్త గాలి. టెంపరేచర్ ముల్లు కూడా మామూలుకన్నా ఒక గీత పైకి పోతోంది. పోయిన నెల ఒకచోట గ్యాస్ పట్టించాను, వారం రోజులు కాస్త నయం అనిపించింది. మళ్లీ ఇంకోచోట ఇంకొంచెం ఎక్కించారు. ఇప్పుడు ముందుకన్నా అధ్వానం. కంప్రెసర్ పోయింది, మార్చాలి, 24 వేలు అవుతుంది అంటున్నారు. మా అమ్మను నెలకు రెండుసార్లు ఆస్పత్రికి తీసుకుపోవాలి. వెనక సీట్లో తలమీద తడి తువ్వాలు వేసుకొని కూర్చుంటోంది, చూడలేకపోతున్నాను. కంప్రెసర్ మార్చేయమంటారా?

జవాబు: ఇప్పుడే మార్చొద్దు. ఆ 24 వేలు మీ దగ్గరే ఉండనీయండి. ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. అరగంట పడుతుంది. రెండు పెద్ద బాటిళ్ల నీళ్లు, సెల్‌ఫోన్ టార్చి, సాయానికి ఒక మనిషి ఉంటే చాలు.

మీ ఉత్తరం చదవగానే నాకు గుర్తొచ్చింది కంప్రెసర్ కాదు, దూది. మెకానిక్ దగ్గర మీరు "ఏసీ కూలింగ్ రావడం లేదు" అని ఒక్క ముక్క చెప్పి తాళం చేతికిచ్చి ఉంటారు. అందరూ చేసేదే అది. నాకు మాత్రం జిన్నింగ్ మిల్లు అని రాశారు, మార్చి నుంచి అని రాశారు, ఆగితేనే అని రాశారు, ముల్లు ఒక గీత పైకి అని కూడా రాశారు. ఈ నాలుగూ కలిపి చూస్తే అనుమానం పోయేది బండి ముందు భాగం మీదికే.

ఏసీ చేసే పనల్లా లోపలి వేడిని ఎత్తుకుపోయి బయట పారబోయడం. గ్యాస్ ఆ మూట మోసే కూలి. మీ బండి వయసును బట్టి అందులో ఉండేది ఆర్-134ఏ గ్యాసే అయ్యుంటుంది. మామూలు గాలి పీడనం దగ్గర అది సున్నాకు 26 డిగ్రీల కిందే మరుగుతుంది. డాష్‌బోర్డు లోపలున్న కూలింగ్ కాయిల్‌లో అది మరిగి ఆవిరవుతూ కారులోని వేడిని లాగేసుకుంటుంది. ఆ ఆవిరిని కంప్రెసర్ ఒత్తి, రేడియేటర్‌కు ముందున్న కండెన్సర్‌లోకి తోస్తుంది. అక్కడ గాలి తగిలి, మోసుకొచ్చిన వేడి దిగిపోయి, గ్యాస్ మళ్లీ ద్రవమవుతుంది. మే నెలలో మన దగ్గర గాలే 43 డిగ్రీలుంటుంది. ఆ గాలికి వేడి అప్పజెప్పాలంటే గ్యాస్ అంతకన్నా బాగా కాగి, 60 డిగ్రీలకు అటూ ఇటూ ఉండాలి. అప్పుడు కూడా గాలి ధారాళంగా తగిలితేనే పని జరుగుతుంది. బండి 80లో పోతుంటే ఎదురుగాలి ఎలాగూ తగులుతుంది. చౌరస్తాలో ఆగినప్పుడు ఫ్యాన్ లాగినంతే గాలి. రోడ్డు మీద చల్లగా వచ్చి సిగ్నల్ దగ్గర చేతులెత్తేసే ఏసీలో నేను మొదట చూసేది ఫ్యాన్, కండెన్సర్. ఎక్కువసార్లు అక్కడితోనే పని అయిపోతుంది.

అయితే ఒక మెలిక ఉంది, మీ మెకానిక్ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. బండి ఆగినప్పుడు ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుంది, దాంతోపాటు కంప్రెసరూ నెమ్మదిస్తుంది. అరిగిపోయిన కంప్రెసర్ కూడా ఆగినప్పుడే ఎక్కువ తేలిపోతుంది. కాబట్టి ఆయన అనుమానం గాల్లోంచి వచ్చింది కాదు. రెండింట్లో ఏది అన్నది తేల్చడానికే ఈ పరీక్ష.

ఎండ బాగా ఉన్న మధ్యాహ్నం, బండిని చెట్టు నీడలో ఆపండి. అక్వేరియం సామాన్లు అమ్మేచోట వైరుతో ఉండే చిన్న డిజిటల్ థర్మామీటర్ దొరుకుతుంది, దాని కొసను మధ్య వెంట్‌లో దూర్చండి. ఏసీ పూర్తి కూలింగ్‌లో, బ్లోయర్ రెండో నంబరులో, బయటిగాలి రాకుండా లోపలిగాలే తిరిగే బటన్ నొక్కి, అద్దాలు మూసి పది నిమిషాలు ఆగండి. వెంట్ దగ్గర ఎన్ని డిగ్రీలుందో కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు బండి న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి, మీ సాయం మనిషిని యాక్సిలరేటర్ తొక్కి 2,000 ఆర్‌పీఎమ్ దగ్గర రెండు మూడు నిమిషాలు పట్టుకోమనండి. మళ్లీ అంకె చూసి రాసుకోండి. తర్వాత కాలు తీసేసి ఐదు నిమిషాలు మామూలుగా తిరగనిచ్చి, ముందు గ్రిల్ లోంచి కండెన్సర్ మీద బాటిల్ నీళ్లు నెమ్మదిగా, ఆ మూల నుంచి ఈ మూలకు పారేలా పోయండి. రెండో బాటిల్ కూడా. రెండు నిమిషాలాగి అంకె చూడండి.

ఉత్త తొక్కుడుకే చల్లదనం పెరిగితే అనుమానం కంప్రెసర్ మీదికో, తక్కువైన గ్యాస్ మీదికో పోతుంది. తొక్కినా పెద్దగా మారకుండా, నీళ్లు పోయగానే అంకె నాలుగైదు డిగ్రీలు దిగితే మీ కంప్రెసర్ గట్టిగానే ఉంది, వేడి దించుకోలేక కండెన్సర్ అవస్థ పడుతోంది అని అర్థం. మీ విషయంలో ఈ రెండోదే జరుగుతుందని నా అంచనా. బయట 40 దాటినప్పుడు, బండి నడుస్తుండగా వెంట్ దగ్గర 10 నుంచి 14 డిగ్రీలు వస్తే ఏసీ బాగున్నట్టే లెక్క. ఆగినప్పుడు ఇంకో మూడు నాలుగు పెరిగినా కంగారు లేదు. షోరూములోలా వణుకు పుట్టాలంటే మాత్రం మన ఎండల్లో కుదరదు.

బానెట్ ఎత్తి ఉంచి ఇంజిన్ నడుపుతున్నప్పుడు చొక్కా చేతులు, తువ్వాలు, పక్కన పిల్లలు జాగ్రత్త. ఫ్యాన్ చెప్పకుండా తిరుగుతుంది, కొన్ని బండ్లలో ఇంజిన్ ఆపాక కూడా. వేడి మీద రేడియేటర్ మూత జోలికి పోవద్దు.

ఇక దూది సంగతి. పత్తి మిల్లులకు వచ్చేది దసరా దాటాక, చలికాలమంతా ఆ సందడే. ఆ నెలల్లో మిల్లు ఆవరణలో గాలిలో సన్నటి పోగులు తేలుతూనే ఉంటాయని నాకన్నా మీకే బాగా తెలుసు. మీ బండి గేటు లోపలికి వచ్చినప్పుడల్లా ఫ్యాన్ వాటిని లోపలికి లాగింది. చలికాలంలో మీరు ఏసీ వేయరు, వేసినా చలిలో దానికి పెద్ద పని ఉండదు, కాబట్టి ఏ తేడా తెలియలేదు. మార్చిలో ఎండ ముదరగానే మూసుకుపోయిన ముక్కు బయటపడింది. ముల్లు ఒక గీత పైకి పోవడమూ అందుకే: కండెన్సర్ వెనకనే రేడియేటర్ ఉంది, అక్కడ గాలి ఆగితే రెండూ బాధపడతాయి. నిజానికి మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఈ గీతే. ఏసీ లేకపోతే చెమట పడుతుంది, ఇంజిన్ కాగితే హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ పై భాగం కింద ఉండే సీలు, పోతుంది. ఆ ఖర్చు ముందు 24 వేలు చిన్నదే. ముల్లు ఇంకా పైకి పోతే వెంటనే ఏసీ ఆపండి, బండి పక్కకు తీయండి. కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మట్టం కూడా చల్లారాక ఒకసారి చూడండి.

"కండెన్సర్ చూశారు, శుభ్రంగా ఉందన్నారు" అని మీరు అనొచ్చు. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే కనిపిస్తుంది. దూది అంతా కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఉండే వేలెడంత సందులో చేరుతుంది. బానెట్ ఎత్తి, పైనున్న ప్లాస్టిక్ కవరు క్లిప్పులు తీసి, టార్చి నిట్టనిలువుగా ఆ సందులోకి వేసి చూడండి. పాత పరుపు చింపితే లోపల కనపడే బూడిదరంగు దూదిలా, దుమ్మూ చచ్చిన పురుగులూ కలిసిన మందపాటి పొర రేడియేటర్‌కు అంటుకొని ఉంటే దొంగ దొరికినట్టే.

ఈ పాఠం నేను డబ్బు పోగొట్టుకొని నేర్చుకున్నాను. పదిహేనేళ్ల కిందట అనంతపురంలో నా షెడ్డుకు తాడిపత్రి నుంచి ఒక బండి వచ్చింది, బండలు పాలిష్ పట్టే యూనిట్ వాళ్లది. ఇదే కంప్లయింట్: రోడ్డు మీద బాగుంటుంది, ఊళ్లో ఉండదు. ముందు నుంచి టార్చి వేసి చూసి, కండెన్సర్ బాగానే ఉందనుకొని, కంప్రెసర్ మార్చేశాను. నాలుగో రోజు ఆ పెద్దాయన మళ్లీ వచ్చాడు. ఏమీ తిట్టలేదు, బండి తాళం బల్ల మీద పెట్టి కూర్చున్నాడు, అంతే. రేడియేటర్ విప్పితే కండెన్సర్ వెనకంతా బండల పొడి తడిసి ఆరి, గోడకు సున్నం పూసినట్టు గడ్డకట్టి ఉంది. గోరుతో గీకితే పెచ్చులూడింది. కంప్రెసర్ డబ్బులో సగం వెనక్కిచ్చాను. అప్పటినుంచి ఎవరు ఏసీ అన్నా "బండి ఎక్కడ నిలుస్తుంది?" అని ముందు అడుగుతాను. సిమెంటు లోడింగ్ దగ్గరా, చెనిక్కాయ మిషన్ దగ్గరా, మీలా దూది దగ్గరా అని.

కడగడం చిన్న పనే, కానీ చేయి తెలిసినవాళ్లు చేయాలి. వాటర్ సర్వీసింగ్‌లో గన్ను దగ్గరగా పెట్టి కొడితే కండెన్సర్ రెక్కలు వంగి ఒకదానికొకటి అంటుకుంటాయి. అవి కాగితంలా పల్చటి అల్యూమినియం. దూది పోతుంది, దారీ మూసుకుపోతుంది, ముందుకన్నా హీనం. రేడియేటర్ పై బోల్టులు వదులు చేసి, వీలైనంత వెనక్కి వాల్చి, ఇంజిన్ వైపు నుంచి ముందుకు, అంటే గాలి వచ్చే దిక్కుకు ఎదురుగా, మామూలు పైపు నీళ్లతో తోయించండి. దూది పొరను ముందు చేత్తో, మెత్తటి బ్రష్‌తో పైకి లాగి తీసేయాలి. నీళ్లు పడితే అది తడిసి రెక్కల్లో ఇంకా లోతుకు దిగుతుంది. పూర్తిగా మూసుకుపోయి ఉంటే రేడియేటర్ దించాల్సి రావచ్చు, అప్పుడు కూలెంట్ కూడా కొత్తది పోయించేయండి.

అదే చేత్తో ఫ్యాన్ చూడండి. ఏసీ వేసిన కొన్ని సెకన్లలో అది తిరగాలి. తిరుగుతోంది కదా అని వదిలేయొద్దు. చాలా బండ్లలో దానికి రెండు వేగాలుంటాయి, అందులో ఒకటి పోయినా ఇంకోటి పనిచేస్తూ మనల్ని మోసం చేస్తుంది. రెండు ఫ్యాన్లున్న బండిలో ఒకటి చచ్చి ఒకటి తిరుగుతున్నా అంతే. మోటారు బ్రష్‌లు అరిగితే తిరుగుతుంది కానీ గాలి లాగదు. నా నాటు పరీక్ష: ఏసీ నడుస్తుండగా గ్రిల్‌కు ఒక న్యూస్‌పేపర్ అడ్డంగా పెట్టి వదిలేస్తే అది అతుక్కొని నిలవాలి. జారిపోతే గాలి లాగడం లేదు. ఫ్యాన్ బలహీనం కావచ్చు, మధ్యలో దూది కావచ్చు. దూది తీశాక కూడా జారితే ఫ్యాన్ మార్చాలి. రిలే (ఫ్యాన్‌కు కరెంటు కలిపే స్విచ్చి), ఫ్యూజు, వైరు కనెక్టర్ కాలి ఉన్నాయేమో కూడా చూడమనండి. కొన్నిసార్లు చిన్న రిలే మారిస్తే కథ అక్కడితో కంచికి పోతుంది.

ఇప్పుడు గ్యాస్ గురించి కాస్త గట్టిగా మాట్లాడాలి. గ్యాస్ డీజిల్‌లా ఖర్చయ్యేది కాదు. ఏళ్ల తరబడి రబ్బరు పైపుల్లోంచి, కంప్రెసర్ సీల్ లోంచి కొంచెం కొంచెం చెమర్చి తగ్గుతుంది, ఎనిమిదేళ్లకు అది సహజం. మొదటిసారి పట్టించాక మీకు నయం అనిపించింది అందుకే కావచ్చు. కానీ రెండోసారి ఎక్కించినవాళ్లు ఎంత ఎక్కించారు? పీడనం చూపే గేజ్ ముల్లు చూసి, చేత్తో పైపు పట్టుకొని చూసి ఎక్కించి ఉంటారు. అక్కడే తప్పు జరుగుతుంది. ఆపి ఉన్న బండిలో గేజ్ పెడితే, లోపల కొద్దిగా ద్రవం ఉన్నంతవరకూ ముల్లు చూపేది వాతావరణం వేడినే. 40 డిగ్రీల ఎండలో అది దాదాపు 130 పీఎస్ఐ (పీడనం కొలత) చూపిస్తుంది, లోపల 200 గ్రాములున్నా 500 గ్రాములున్నా అదే 130. నడుస్తున్న బండిలో కూడా, కండెన్సర్ మూసుకుపోయి ఉంటే అంకెలన్నీ అబద్ధాలే చెబుతాయి.

గ్యాస్‌కు కొలత తక్కెడే. బానెట్ కింద ఒక స్టిక్కర్ ఉంటుంది, గ్యాస్ పేరూ గ్రాములూ రాసి ఉంటాయి. చిన్న కార్లకు ఎక్కువగా 350 నుంచి 500 గ్రాముల మధ్యే ఉంటుంది. ఎక్కువైతే ద్రవం కండెన్సర్ అడుగున నిలిచిపోతుంది, ఆవిరి చల్లారడానికి చోటు తగ్గుతుంది, పీడనం పెరుగుతుంది, చల్లదనం పడిపోతుంది. రెండోసారి తర్వాత మీకు అధ్వానం అయిందంటే ఇదే కారణం అనుకుంటున్నాను. కాబట్టి కడగడం అయ్యాక, గ్యాస్ బయటికి తీసుకొని తూచే మిషన్ ఉన్న షాపుకు పోండి. ఉన్నదంతా తీయించి, కనీసం అరగంట వ్యాక్యూమ్ పెట్టించి, అంటే పైపుల్లోని గాలీ తేమా పంపుతో లాగించి, పంపు ఆపాక కూడా ముల్లు నిలుస్తుందో లేదో మీ కళ్లతో చూసి, స్టిక్కర్ మీదున్నంత తూకం వేసి ఎక్కించమనండి. పాత గ్యాస్‌ను గాలిలోకి బుస్సుమని వదిలేసే చోట మాత్రం చేయించొద్దు. భూమిని వేడెక్కించడంలో అది కార్బన్ డయాక్సైడ్‌కన్నా వెయ్యి రెట్లకు పైగా చెడ్డది. పైగా చేతికో కంటికో తగిలితే చర్మం గడ్డకట్టిపోతుంది. చవగ్గా వస్తుందని వంట గ్యాస్ జాతివి కలిపేవాళ్లూ ఉన్నారు. అది మండుతుంది, అమ్మను ఎక్కించుకొని పోయే బండిలో అది వద్దే వద్దు. లీకు మూసే మందు అని డబ్బాలో వచ్చేది కూడా వేయించొద్దు, వాల్వులో గడ్డకట్టి కూర్చుంటుంది.

వ్యాక్యూమ్ నిలవకపోతే లీకు ఉన్నట్టు. అప్పుడు నైట్రోజన్ నింపి సబ్బునురగతో వెతకమనండి. మీరు కూడా చూడొచ్చు: గ్యాస్‌తోపాటు కొంచెం నూనె బయటికి వస్తుంది, అక్కడ దుమ్ము అంటి నల్లటి జిడ్డు మచ్చ పడుతుంది. పైపుల జాయింట్లు, కండెన్సర్ కింది మూలలు, కంప్రెసర్ ముందు వైపు చూడండి.

ఇంత చేశాక కూడా కంప్రెసర్ మీదే అనుమానం ఉంటే, దానికి సాక్ష్యం అడగండి. సరైన తూకంతో గ్యాస్ ఉండి, ఏసీ నడుస్తుండగా గేజ్ రెండు ముళ్లూ చూపించమనండి. మన ఎండల్లో ఎక్కువ పీడనం వైపు 250 నుంచి 300 పీఎస్ఐ దాకా, తక్కువ వైపు 30 నుంచి 50 దాకా ఉండటం మామూలే. ఎక్కువ వైపు 350 దాటి ఎగబాకుతుంటే గాలి సమస్య ఇంకా పోలేదు. రెండు ముళ్లూ ఒకదాని దగ్గరకొకటి వచ్చేసి, ఎక్కువ వైపు 150 కూడా దాటకుండా, తక్కువ వైపు 70, 80 చూపిస్తుంటే అప్పుడు నిజంగానే కంప్రెసర్ ఒత్తలేకపోతోంది. అప్పుడు ఖర్చు పెట్టండి, నేనూ వద్దనను. మార్చేటప్పుడు డ్రయ్యర్ (గ్యాస్‌లోని తేమను పీల్చే భాగం) కూడా మార్చాలి, పాత కంప్రెసర్ లోంచి ఇనుప రజను వచ్చి ఉంటే పైపులు కడగాలి, నూనె కంపెనీ చెప్పినదే పోయాలి. ఇవి వదిలేస్తే కొత్తదీ ఏడాది తిరక్కుండా పోతుంది.

మిల్లు దుమ్ములో తిరిగే బండి కాబట్టి గ్లవ్ బాక్స్ వెనకున్న క్యాబిన్ ఫిల్టర్ కూడా లాగి చూడండి. దులిపినా నలుపు పోకపోతే కొత్తది వేయండి, మీరే వేసుకోవచ్చు.

అమ్మ కోసం ఈలోపు ఇది చేయండి. ఆస్పత్రి అపాయింట్‌మెంట్ పొద్దున పూట తీసుకోండి. ఎండలో నిలిచిన బండిలోకి ఆమెను ఎక్కించొద్దు. ముందు మీరొక్కరే అద్దాలు నాలుగూ దించి రెండు నిమిషాలు నడిపి, లోపలి సెగ బయటికి పోయాక, అద్దాలు మూసి లోపలిగాలి బటన్ నొక్కి, అప్పుడు వాకిట్లోకి తెండి. ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టండి. వెనక వెంట్లు లేని బండిలో చల్లగాలి వెనకదాకా చేరేసరికి సగం ప్రాణం పోయి ఉంటుంది.

వచ్చే దసరా తర్వాత బండిని మిల్లులో జిన్నింగ్ షెడ్డుకు గాలివాలుగా కాకుండా, ఎదురుదిక్కున గేటు దగ్గర నిలపండి. అది కుదరకపోతే గ్రిల్ వెనక దోమతెర జాలీ ముక్క ఒకటి క్లిప్పులతో కట్టించి, వారానికోసారి తీసి దులపండి. ఫిబ్రవరి దాటగానే మాత్రం దాన్ని తీసేయండి. దోమతెర కూడా గాలికి అడ్డమే, ఎండల్లో దానితో తిరిగితే మళ్లీ ఇదే ఉత్తరం రాయాల్సి వస్తుంది.